ఫైర్ పంపు ప్రెషర్ స్విచ్: స్క్రూ తిప్పే ముందు ఏం చూడాలి, ఎంతకు పెట్టాలి, ఎలా పరీక్షించాలి

"జాకీ పంపు నిమిషానికోసారి ఆన్ ఆఫ్ అవుతోంది, స్విచ్ మార్చేయమంటారా?" "మెయిన్ పంపు ఆటోలో స్టార్ట్ కావడం లేదు, సెట్టింగ్ ఎంత పెట్టాలి?" తిరిగి తిరిగి నన్ను అడిగేవి ఈ రెండు ప్రశ్నలే. (జాకీ అంటే పైపుల్లో ప్రెషర్ నిలబెట్టే చిన్న పంపు, మెయిన్ అంటే మంట వచ్చినప్పుడు నీళ్లిచ్చే పెద్ద పంపు.) రెండింటికీ నేను చెప్పే మొదటి మాట ఒకటే: స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ముందు గేజ్ చూడండి.

ప్రెషర్ స్విచ్‌కి తన మూతి దాకా వచ్చిన నీటి ప్రెషర్ తప్ప మరేమీ తెలియదు. మంట వచ్చిందో, పైపు లీకయిందో, మధ్యలో ఎవరైనా వాల్వ్ మూసేశారో దానికి పట్టదు. అందుకే స్విచ్ తప్పు చేసినట్టు కనిపించే చాలా సందర్భాల్లో అసలు తప్పు దాని దాకా వచ్చే సన్నని పైపులోనో, పక్క పంపు సెట్టింగ్‌లోనో ఉంటుంది.

## 1. లోపల జరిగేది

నీటి ప్రెషర్ ఒక డయాఫ్రమ్‌నో, బెల్లోస్‌నో నెడుతుంది. అవతలి వైపు నుంచి స్ప్రింగ్ వెనక్కి తోస్తుంది. నీటిది పైచేయి అయినప్పుడు మైక్రోస్విచ్ టిక్కుమని ఒక వైపుకి, స్ప్రింగ్‌ది పైచేయి అయినప్పుడు రెండో వైపుకి మారుతుంది. మనం స్క్రూ తిప్పి బిగించేది ఆ స్ప్రింగ్‌నే.

ఎక్కేటప్పుడు మారే ప్రెషర్, దిగేటప్పుడు మారే ప్రెషర్ ఒకటి కావు. వాటి మధ్య తేడానే డిఫరెన్షియల్ అంటాం. పంపు స్టార్టయ్యే పాయింట్ కట్-ఇన్, ఆగే పాయింట్ కట్-అవుట్. డిఫరెన్షియల్ లేకపోతే సూది కాస్త వణికినా పంపు ఆన్ ఆఫ్ అవుతూనే ఉంటుంది.

కొత్త ప్యానెళ్లలో స్విచ్ బదులు ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్ ఉంటుంది, సెట్టింగ్ స్క్రీన్ మీద ఇస్తాం. తేడా అంతవరకే. సెన్సింగ్ లైన్, అంకెలు, పరీక్ష గురించి కింద చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

## 2. మీ ముందున్నది ఏ పని చేసే స్విచ్?

పెట్టె చూడ్డానికి ఒకేలా ఉన్నా పనులు మూడు రకాలు. మొదట ఇది తేల్చుకోండి.

- పంపు స్విచ్: ప్రెషర్ పడిపోతే పంపును స్టార్ట్ చేసేది. జాకీకి, ఎలక్ట్రిక్ మెయిన్‌కి, డీజిల్‌కి వేర్వేరుగా ఉండాలి.
- అలారం స్విచ్: స్ప్రింక్లర్ అలారం వాల్వ్ తెరుచుకుని నీళ్లు పారితే ఫైర్ అలారం ప్యానెల్‌కి చెప్పేది. ఇది ప్రెషర్ పెరిగితే పనిచేస్తుంది. సాధారణంగా 4 నుంచి 8 పీఎస్ఐ మధ్యలో, అంటే సుమారు 0.3 నుంచి 0.55 బార్‌కి, తయారీలోనే సెట్ అయి వస్తుంది.
- సూపర్వైజరీ స్విచ్: మామూలుగా పైపుల్లో నీళ్ల బదులు గాలి ఉండే డ్రై పైపు, ప్రీయాక్షన్ సిస్టమ్‌లలో గాలి ప్రెషర్‌ను కాపలా కాసేది. మామూలు ప్రెషర్ కంటే 10 పీఎస్ఐ, అంటే సుమారు 0.7 బార్, పెరిగినా తగ్గినా సిగ్నల్ ఇవ్వాలి. ఇది మంట సిగ్నల్ కాదు, "సిస్టమ్ బాగోలేదు, వచ్చి చూడండి" అన్న సిగ్నల్.

ఎక్కువ గందరగోళం పంపు స్విచ్‌ల దగ్గరే కనుక ఈ వ్యాసంలో సింహభాగం వాటిదే.

## 3. పని మొదలుపెట్టే ముందు

స్విచ్ మీద చెయ్యి వేశామంటే ఆ కాసేపు భవనానికి రక్షణ తగ్గినట్టే. ఆ సంగతి తెలియాల్సిన వాళ్లందరికీ ముందే తెలియాలి.

- భవనం బాధ్యులకు, అలారం పర్యవేక్షించే వాళ్లకు చెప్పారా?
- పని జరుగుతున్నంతసేపు ప్యానెల్ దగ్గర నిలబడటానికి ఒక మనిషి ఉన్నారా? నిజంగా మంట వస్తే ఆ మనిషే చేత్తో పంపు స్టార్ట్ చేయాలి.
- నమ్మకమైన, క్యాలిబ్రేట్ చేసిన గేజ్ తెచ్చుకున్నారా?
- ఇప్పుడున్న సెట్టింగులు, వైర్లు ఫోన్‌లో ఫోటో తీశారా?
- మల్టీమీటర్, స్పానర్లు, డ్రెయిన్ నీళ్లు పోవడానికి దారి ఉన్నాయా?
- ప్యానెల్ లోపలి వైర్లు ముట్టుకోవడానికి అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ ఉన్నారా?

పాత సెట్టింగ్ రాసుకోకుండా స్క్రూ తిప్పకండి. తప్పు సెట్టింగైనా సరే, తిరిగి రావడానికి అది ఒక గుర్తు.

## 4. స్విచ్ కంటే ముందు సెన్సింగ్ లైన్

హెడర్ (పంపుల నీళ్లు వెళ్లే ఉమ్మడి పెద్ద పైపు) నుంచి స్విచ్ దాకా వచ్చే సన్న పైపే సెన్సింగ్ లైన్. ఎన్‌ఎఫ్‌పిఎ 20 (ఫైర్ పంపుల బిగింపుకి అమెరికా సంస్థ పెట్టిన) ప్రమాణం దీని గురించి చాలా ఖచ్చితంగా చెబుతుంది:

- పంపు డెలివరీలో, నీటిని ఒకే వైపు పోనిచ్చే చెక్ వాల్వ్‌కి, ఆ తర్వాతి కంట్రోల్ వాల్వ్‌కి మధ్య నుంచి తీయాలి.
- తుప్పు పట్టని లోహం కావాలి: ఇత్తడి, రాగి లేదా స్టెయిన్‌లెస్ స్టీల్. సైజు 15 మి.మీ., అంటే అర అంగుళం.
- జాకీతో సహా ప్రతి పంపుకి విడి లైన్ ఉండాలి.
- నీటి దెబ్బ నేరుగా స్విచ్‌కి తగలకుండా ఒకదానికొకటి కనీసం 1.5 మీటర్ల దూరంలో రెండు చెక్ వాల్వ్‌లు పెట్టి, వాటి క్లాపర్లకు (లోపలి మూత పలకలకు) 2.4 మి.మీ. రంధ్రం వేయాలి. వాటిని ఏ దిశలో బిగించాలో డ్రాయింగ్ చూసి బిగించండి.
- ఈ లైన్‌లో మూసివేసే వాల్వ్ ఉండకూడదు.

చివరి మాటను చాలా చోట్ల పట్టించుకోరు. రిపేరుకి వీలుగా ఉంటుందని ఒక చిన్న బాల్ వాల్వ్ పెడతారు. ఒకరోజు ఎవరో మూస్తారు, తెరవడం మరిచిపోతారు. అప్పుడు స్విచ్ ముందు పాత ప్రెషర్ అలాగే నిలిచిపోతుంది. హెడర్ ఖాళీ అయినా స్విచ్‌కి అంతా బాగున్నట్టే ఉంటుంది, పంపు మాత్రం స్టార్ట్ కాదు.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక భవనంలో ప్రతి నెలా పంపు టెస్ట్ పాసవుతోంది. ప్యానెల్ పక్కనున్న డ్రెయిన్ కాక్ తిప్పగానే పంపు స్టార్టయ్యేది, రిజిస్టర్‌లో టిక్ పడేది. ఒకసారి నిజంగా హైడ్రెంట్ వాల్వ్ తెరిచి చూశాం. నీళ్లు ధారగా వచ్చి, సన్నబడిపోయాయి. పంపు స్టార్ట్ కావడానికి దాదాపు నిమిషం పట్టింది. సెన్సింగ్ లైన్ యూనియన్ విప్పితే లోపలంతా గోధుమరంగు తుప్పు ముద్ద, మధ్యలో సూది దూరేంత సందు. అది జీఐ పైపుతో వేసిన లైన్.

ఇన్ని నెలలూ ఎందుకు తెలియలేదు? ప్యానెల్ దగ్గరి డ్రెయిన్ తెరిస్తే స్విచ్ పక్కనున్న నీళ్లే పోతాయి. హెడర్ నుంచి దారి పూడిపోయినా ఆ టెస్ట్ పాసవుతుంది. స్విచ్, ప్యానెల్ పనిచేస్తున్నాయని మాత్రమే అది చెబుతుంది.

కాబట్టి లైన్‌ను ఇలా పరీక్షించండి:

1. హెడర్ గేజ్, స్విచ్ దగ్గరి గేజ్ రెండూ చూడండి. ఎత్తులో తేడా ఉంటే ప్రతి 10 మీటర్లకు సుమారు 1 బార్ లెక్క వేసుకోండి. అది తీసేశాక రెండూ కలవాలి.
2. ప్యానెల్ వైపు డ్రెయిన్ కొద్దిగా తెరిచి మూయండి. సూది పడి వెంటనే తిరిగి లేవాలి. నీరసంగా పాకుతూ లేస్తే లైన్ పూడుతున్నట్టే.
3. తర్వాత హెడర్ వైపు డ్రెయిన్ తెరవండి. రెండు గేజ్‌ల సూదులూ దాదాపు కలిసి దిగాలి.

ఈ మూడూ కుదరకపోతే సెట్టింగ్ జోలికి వెళ్లకండి. ముందు లైన్ శుభ్రం చేయండి, గాలి తీసేయండి.

## 5. అంకెలు ముందు కాగితం మీద

సెట్టింగ్ అనేది స్విచ్ దగ్గర నిలబడి ఊహించేది కాదు. రెండు అంకెలు కావాలి: మెయిన్ పంపు డెలివరీ మూసి ఉండగా ఇచ్చే చర్న్ ప్రెషర్, సక్షన్ వైపు ఉండే కనీస స్టాటిక్ ప్రెషర్.

ఎన్‌ఎఫ్‌పిఎ 20 చూపే దారి ఇది:

- జాకీ ఆగేది = చర్న్ ప్రెషర్ + కనీస స్టాటిక్ ప్రెషర్
- జాకీ స్టార్టయ్యేది = దానికంటే కనీసం 10 పీఎస్ఐ, అంటే 0.7 బార్ తక్కువ
- మొదటి మెయిన్ పంపు = జాకీ స్టార్ట్ కంటే 5 పీఎస్ఐ, అంటే 0.35 బార్ తక్కువ
- ఆ తర్వాతి ఒక్కో పంపు = ముందు పంపు కంటే 10 పీఎస్ఐ తక్కువ

ఉదాహరణకు చర్న్ 8.0 బార్, కనీస స్టాటిక్ 0.5 బార్ అనుకుందాం. జాకీ 8.5 దగ్గర ఆగాలి, 7.8 దగ్గర స్టార్ట్ కావాలి. ఎలక్ట్రిక్ మెయిన్ సుమారు 7.4 దగ్గర, డీజిల్ 6.7 దగ్గర స్టార్ట్ కావాలి.

రెండు విషయాలు సరిచూసుకోండి. మీ జాకీ నిజంగా 8.5 బార్ దాకా ఎక్కించగలదా? ఎక్కించలేకపోతే అది ఎప్పటికీ ఆగదు, కాలిపోతుంది. రెండోది, చర్న్‌కి గరిష్ఠ స్టాటిక్ కలిపితే వచ్చే ప్రెషర్ మీ పైపులు, ఫిట్టింగుల రేటింగ్ దాటకూడదు.

పాత మెకానికల్ స్విచ్‌లు 0.35 బార్ తేడాను నిలకడగా పట్టుకోలేవు. అలాంటి చోట అంతరాలు కాస్త పెంచడమే మేలు. జాకీకి, మెయిన్‌కి మధ్య గీత చెరిగిపోతే చిన్న లీకుకే మెయిన్ పంపు లేస్తుంది. అలా రెండు మూడు సార్లు జరిగితే విసుగొచ్చి ఎవరో ఒకరు దాన్ని ఆటో నుంచి తీసేస్తారు. నాకు అన్నిటికంటే భయం అదే.

స్విచ్ కొనేటప్పుడు సెట్ పాయింట్ దాని రేంజ్‌లో మధ్య భాగంలో పడేలా చూడండి. 7.4 బార్ పని కోసం 0–40 బార్ స్విచ్ కొంటే స్క్రూ వెంట్రుకవాసి కదిలినా సెట్టింగ్ ఎక్కడికో పోతుంది.

## 6. సెట్ చేసే వరుస

వరుస మారకూడదు: ముందు జాకీ, తర్వాత ఎలక్ట్రిక్ మెయిన్, చివర డీజిల్.

అడుగు 1. మెయిన్, డీజిల్ రెండింటినీ ఆటో నుంచి తీయండి. ప్యానెల్ దగ్గర మనిషి సిద్ధంగా ఉండాలి.

అడుగు 2. స్విచ్ మీది లేబుల్ చదవండి. సాధారణంగా రెండు స్క్రూలు ఉంటాయి. పెద్ద స్ప్రింగ్ స్క్రూ తిప్పితే రెండు పాయింట్లూ కలిసి జరుగుతాయి. డిఫరెన్షియల్ స్క్రూ రెండో పాయింట్‌ను మాత్రమే జరుపుతుంది. ఏది కట్-ఇన్‌ను పట్టుకుని ఉంటుందో కంపెనీని బట్టి మారుతుంది. అందుకే పెద్ద స్ప్రింగ్ ముందు, డిఫరెన్షియల్ తర్వాత.

అడుగు 3. జాకీని ఆటోలో నడవనివ్వండి. 8.5 దగ్గర ఆగాలి. దాటి పోతుంటే చేత్తో ఆపి, పావు చుట్టు చొప్పున సరిచేయండి.

అడుగు 4. ఇప్పుడు హెడర్ డ్రెయిన్‌ను చాలా కొద్దిగా తెరవండి. సూది ఎంత నెమ్మదిగా దిగాలంటే, ప్రతి గీతనూ మీరు కంటితో చదవగలగాలి. చెవి స్విచ్ దగ్గర, కన్ను గేజ్ మీద. టిక్ వినబడిన క్షణాన సూది ఎక్కడుందో అదే మీ కట్-ఇన్. డ్రెయిన్ ఒక్కసారిగా తెరిస్తే టిక్ వినేలోపు సూది ఇంకా కిందికి పోతుంది, మీరు రాసుకునే అంకె తప్పవుతుంది.

అడుగు 5. స్క్రూ తిప్పిన తర్వాత వచ్చే మొదటి రీడింగ్‌ను నమ్మకండి. స్ప్రింగ్ సర్దుకోవాలి. ప్రెషర్‌ను పైకీ కిందికీ మూడుసార్లు తీసుకెళ్లండి. మూడూ దగ్గరదగ్గరగా వస్తేనే రాసుకోండి. మూడు సార్లూ మూడు రకాలుగా వస్తుంటే ఆ స్విచ్ పని అయిపోయింది, మార్చండి.

అడుగు 6. జాకీని ఆఫ్ చేసి ఎలక్ట్రిక్ మెయిన్ స్విచ్‌కి రండి. పంపు తిరగకుండా సెట్ చేయాలంటే ఎలక్ట్రీషియన్ ప్యానెల్ పవర్ తీసి, స్విచ్ వైర్లు విప్పి, కాంటాక్ట్‌కి మల్టీమీటర్ పెట్టాలి. ప్రెషర్ దింపుతూ 7.4 దగ్గర కాంటాక్ట్ మారేలా చూడండి.

అడుగు 7. డీజిల్‌కి కూడా అలాగే, 6.7 దగ్గర.

అడుగు 8. వైర్లు తిరిగి బిగించి, అన్నీ ఆటోలో పెట్టి అసలు పరీక్ష చేయండి. డ్రెయిన్ కొంచెం తెరిస్తే జాకీ ఒక్కటే లేవాలి. ఇంకా తెరిస్తే మెయిన్ లేవాలి. డీజిల్ పరీక్షకి ఎలక్ట్రిక్ మెయిన్‌ను కాసేపు ఆటో నుంచి తీసి, ప్రెషర్‌ను 6.7 దాకా దిగనివ్వాలి.

స్విచ్ డయల్ మీది స్కేల్‌ను ఒక అంచనాకి మాత్రమే వాడండి. రాసిపెట్టుకోవాల్సింది గేజ్ అంకెనే.

మెయిన్ పంపును ప్రెషర్ పెరగగానే స్విచ్ ఆపేలా పెట్టకండి. మంట జరుగుతుండగా పంపు ఆగుతూ లేస్తూ ఉండటం ప్రమాదం. మనిషి వచ్చి చేత్తో ఆపడమే సురక్షితం. ఆటోమేటిక్‌గా ఆగే ఏర్పాటు ఉన్న చోట కనీసం నడిచే టైమర్ ఉండాలి: ఎలక్ట్రిక్‌కి 10 నిమిషాలు, డీజిల్‌కి 30 నిమిషాలు.

## 7. బిగింపు, వైరింగ్: అందరూ తడబడే చోట్లు

ఎన్‌ఓ, ఎన్‌సి (నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టులు) గందరగోళం అందరికీ వచ్చేదే. "నార్మల్" అంటే సిస్టమ్ మామూలుగా ప్రెషర్‌లో ఉన్న స్థితి కాదు. స్విచ్‌ను విప్పి బల్ల మీద పెట్టినప్పటి, అంటే ప్రెషర్ లేని స్థితి. కాబట్టి లైన్‌లో ప్రెషర్ నిండాక ఎన్‌సి తెరుచుకుని, ఎన్‌ఓ మూసుకుని ఉంటుంది.

ప్రెషర్ పడితే కాంటాక్ట్ మూసుకోవాలా, తెరుచుకోవాలా అన్నది ప్యానెల్ డ్రాయింగ్ చెప్పాలి. వీలున్న చోట తెరుచుకుంటే స్టార్టయ్యే పద్ధతి మంచిది. వైరు తెగినా పంపు లేస్తుంది, తెగిన సంగతి వెంటనే తెలుస్తుంది.

అలారం స్విచ్‌లో ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ (వైరు తెగిందా అని ప్యానెల్ కనిపెట్టేందుకు పెట్టేది) లైన్ చివర, అంటే స్విచ్ టెర్మినళ్ల దగ్గరే ఉండాలి. తేలికని ప్యానెల్‌లో పెట్టేస్తే మధ్యలో వైరు తెగినా ప్యానెల్‌కి తెలియదు. వైరును తెంచకుండా టెర్మినల్ కింద చుట్టేసి ముందుకు తీసుకుపోవడం కూడా అదే తప్పు.

బిగించేటప్పుడు:

- స్విచ్ నిటారుగా, మూతి కిందికి ఉండేలా
- స్పానర్ కింది హెక్స్ భాగానికి, పైపెట్టెను పట్టుకుని ఎప్పుడూ తిప్పకూడదు
- టెఫ్లాన్ టేప్ మగ మరల మీద మాత్రమే, మొదటి మర వదిలేసి. లోపలికి దిగిన టేప్ ముక్క మూతిని మూసేస్తుంది
- వైరు దూరే చోట గ్లాండ్ గట్టిగా. నీళ్లు దిగితే కాంటాక్టులు తుప్పు పడతాయి

## 8. అలారం స్విచ్ పరీక్ష

సిస్టమ్ చివర ఉండే ఇన్‌స్పెక్టర్ టెస్ట్ వాల్వ్ తెరిస్తే ఒక స్ప్రింక్లర్ పగిలినంత నీరు పారుతుంది. అలారం వాల్వ్ క్లాపర్ లేచి, నీరు రిటార్డ్ చాంబర్ నిండి, అప్పుడు స్విచ్‌కి ప్రెషర్ అందుతుంది. ఆ చాంబర్ ఉన్నది క్షణికమైన కుదుపులకు దొంగ అలారం రాకుండా.

వాల్వ్ తెరవగానే టైమ్ చూడండి. నీళ్లు పారడం మొదలైన 90 సెకన్లలోపు ప్యానెల్‌లో అలారం రావాలి. మూసిన తర్వాత చాంబర్ ఖాళీ అవుతోందో లేదో కూడా చూడండి. దాని డ్రెయిన్ రంధ్రం పూడుకుపోతే నీళ్లు లోపలే నిలిచి, చిన్న కుదుపుకే అలారం మోగుతుంది.

ఎన్‌ఎఫ్‌పిఎ 25 (పరీక్షలు, మెయింటెనెన్స్ ప్రమాణం) ప్రకారం ఈ పరీక్ష కనీసం ఆరు నెలలకోసారి చేయాలి.

## 9. లక్షణం చూసి కారణం పట్టుకోవడం

జాకీ మాటిమాటికీ లేస్తోంది. జాకీ ఆగగానే గేజ్ చూడండి. సూది వెంటనే జారిపోతే జాకీ డెలివరీ ఎన్‌ఆర్‌వి (చెక్ వాల్వ్) వెనక్కి వదులుతోంది. జాకీ డెలివరీ వాల్వ్ మూసి చూడండి, సూది నిలబడితే దోషం అక్కడే. మూసినా మెల్లగా దిగుతుంటే ఎక్కడో లీకుంది. రెండూ బాగుండి కూడా లేస్తుంటే డిఫరెన్షియల్ చాలడం లేదు.

స్ప్రింక్లర్ పారుతున్నా మెయిన్ లేవడం లేదు. ప్యానెల్ ఆటోలో ఉందా? సెన్సింగ్ లైన్ తెరిచి ఉందా? రెండూ బాగుంటే జాకీ సైజు చూడండి. ఒక స్ప్రింక్లర్ పారే నీటికంటే జాకీ ఎక్కువ ఇస్తుంటే ప్రెషర్ పడనే పడదు, మెయిన్‌కి పిలుపే రాదు.

మెయిన్, డీజిల్ రెండూ ఒకేసారి లేస్తున్నాయి. సెట్టింగులు మరీ దగ్గరగా ఉన్నాయి, లేదా వరుస టైమర్ లేదు. ఒక పంపుకి, మరో పంపుకి మధ్య 5 నుంచి 10 సెకన్ల వ్యవధి ఉండాలి.

స్విచ్ టకటకా కొట్టుకుంటోంది. లైన్‌లో గాలి ఉంది, లేదా చిన్న రంధ్రాల చెక్ వాల్వ్‌లు పెట్టలేదు.

కాంటాక్ట్ అతుక్కుపోయింది. జాకీ మోటారు కరెంటును నేరుగా స్విచ్ గుండా పంపారు. స్విచ్ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి.

## 10. పంపు రూమ్ తలుపు వేసే ముందు

- [ ] మూడు పంపుల సెలెక్టర్లు ఆటోలో ఉన్నాయి
- [ ] తెరిచిన ప్రతి డ్రెయిన్ మూశాం, మూసిన ప్రతి వాల్వ్ తెరిచాం
- [ ] సెన్సింగ్ లైన్‌లో ఇప్పటికే వాల్వ్ ఉంటే అది పూర్తిగా తెరిచి, హ్యాండిల్ తీసేశాం లేదా తాళం వేశాం. దాన్ని తొలగించే తేదీ రాశాం
- [ ] హెడర్ గేజ్ జాకీ స్టార్ట్, స్టాప్ పాయింట్ల మధ్య నిలబడి ఉంది
- [ ] కట్-ఇన్, కట్-అవుట్ అంకెలు తేదీతో సహా ప్యానెల్ తలుపు లోపల అతికించాం
- [ ] స్విచ్ మూతలు బిగించాం, స్క్రూ మీద పెయింట్ చుక్క పెట్టాం, ఎవరైనా కదిలిస్తే తెలియడానికి
- [ ] అలారం ప్యానెల్ టెస్ట్ నుంచి నార్మల్‌కి వచ్చింది
- [ ] మొదట్లో ఎవరెవరికి చెప్పామో వాళ్లందరికీ పని అయిపోయిందని చెప్పాం
- [ ] పావుగంట ఆగి గేజ్ ఇంకోసారి చూశాం